పెట్రోలు రాజుగారు

జగన్నాథరాజు గారు దేవుణ్ణి నమ్మేవారు. డాక్టర్ని నమ్మేవారు. పంచాంగంలో రాసిన వానల్ని కూడా నమ్మేవారు. బ్యాటరీని మాత్రం నమ్మేవారు కారు.

భీమవరంలో ఆయన్ని అసలు పేరుతో అడిగితే "ఏ జగన్నాథరాజు గారండీ?" అని ఎదురు ప్రశ్న వచ్చేది. పెట్రోలు రాజుగారు అంటే చాలు, రిక్షావాడు ఇంకో మాట అడక్కుండా తీసుకెళ్ళి గేటు ముందు దింపేవాడు. నేను ఆయన ఇంట్లో మేడమీద వాటాలో అద్దెకుండే ఫిజిక్సు లెక్చరర్ని. అమలాపురం దగ్గర అగ్రహారం నుంచి ఉద్యోగానికి వచ్చినవాణ్ణి. చాలా ఏళ్ళు ఆ మేడ దిగలేదు కాబట్టి ఆయన గురించి చెప్పే అర్హత నాకు ఉందనే అనుకుంటున్నాను.

ఆయన చేతికి కీ ఇచ్చే గడియారమే ఉండేది. ఇంట్లో టార్చిలైటు ఉండకూడదు. కరెంటు పోతే పెట్రోమాక్సు దీపం ముందేసుకుని, పంపు కొట్టి, మాంటిలు సర్ది, అగ్గిపుల్ల గీసేవారు. అది వెలిగే లోపల కరెంటు వచ్చేసేది. "చూశారా మాస్టారూ, దీన్ని చూసి భయపడి వచ్చేసింది" అనేవారు. టీవీ కొన్నరోజునే రిమోట్‌లోంచి సెల్లులు తీసి పారేయమన్నారు. వాళ్ళావిడ వరలక్ష్మమ్మ గారు పారేయలేదు, కొంగున ముడేసుకున్నారు. ఆయన వీధి గుమ్మం దాటగానే ముడి విప్పి రిమోట్‌లో వేసుకునేవారు. ఆయన చెప్పుల చప్పుడు వినబడగానే మళ్ళీ ముడి పడేది.

ఆయనకొక పాత అంబాసిడర్ ఉండేది. బంపరు కింద ఇనపరాడ్డు దూర్చి, గిర్రున తిప్పి స్టార్టు చేసేవారు.

"కారులోనూ బ్యాటరీ ఉంటుంది కదండీ" అన్నాను ఒకసారి.

"ఉంటుందండి. ఉండనివ్వండి. మనింట్లో ఉండే ప్రతివాళ్ళ మీదా మనం ఆధారపడతామా ఏంటి?"

పాలకొల్లులో వాళ్ళ బావగారికి గుండెలో పేస్‌మేకర్ పెట్టారు. రాజుగారితో కలిసి నేనూ చూడ్డానికి వెళ్ళాను. ఆయన మంచం పక్కన కుర్చీ లాక్కుని, బత్తాయిలు అందించి, కుశల ప్రశ్నలన్నీ అడిగాక గొంతు తగ్గించారు.

"బావగారూ, ఇది దేనిమీద నడుస్తుందన్నారండి?"

"బ్యాటరీయేనండి బావగారూ. చాలా ఏళ్ళు వస్తుందన్నారు."

రాజుగారు ఇంకా దగ్గరకి వంగారు. "మరి అది అయిపోతే, లాగడానికి తాడేదైనా ఇచ్చారాండి?"

బావగారు నవ్వి నవ్వి ఆయాసపడితే, నర్సు వచ్చి మమ్మల్ని బయటికి పంపేసింది.

తాడు సంగతి ఎందుకొచ్చిందో చెప్పాలి. రాజుగారి ఇంటి ముందు పచ్చిక ఉండేది. మా వీధిలో మిగతా రాజులందరూ ఇంటి ముందు స్థలంలో రొయ్యల మేత బస్తాలో, చెరువుల్లో తిప్పే చక్రాలో పడేసుకునేవారు. ఈయన మాత్రం పెళ్ళైన కొత్తలో ఊటీ వెళ్ళి, అక్కడి బంగళాల ముందు పచ్చిక చూసి మనసు పారేసుకున్నారు. ఆ కొండల్లోనే ఒక పాత టీ తోట బంగళా సామాన్లు వేలం వేస్తుంటే, గడ్డి కోసే పెట్రోలు మిషను ఒకటి పాడుకుని, లారీ మీద భీమవరం తెచ్చుకున్నారు. ముదురాకుపచ్చ రంగు, దున్నపోతు తలకాయంత ఇంజను. పక్కన ఒక తాడు. ఆ తాడు లాగితే అది బయల్దేరాలి.

నేను ఆ ఇంట్లో దిగిన మొదటి ఆదివారం పొద్దున్నే కింద నుంచి మాటలు వినబడ్డాయి.

"లేవండి. తెల్లారిపోయింది. ఎంతసేపండి ఇలాగ? నిన్న కూడా మీకు బాగానే పోశాం కదండీ. పదండి, పదండి మరి."

మా ఆవిడ ఉమాశ్రీ కళ్ళు నులుముకుంటూ, "పాపం, రాత్రి ఎవరో చుట్టాలు తాగొచ్చినట్టున్నారండీ. ఎంత మర్యాదగా లేపుతున్నారో" అంది. అంతలో మేడ గోడలు అదిరాయి. గూట్లో గిన్నెలు జారి పడ్డాయి. కొబ్బరిచెట్ల మీది కాకులన్నీ ఉండి ఊరి దారి పట్టాయి. కిటికీలోంచి చూస్తే, నీలంపొగ మధ్య తెల్ల పంచె ఎగ్గట్టుకుని రాజుగారు మిషను వెనకాల పరుగెడుతున్నారు. ఆయన దాన్ని తోస్తున్నారో, అది ఆయన్ని ఈడుస్తోందో చెప్పడం కష్టం.

ఆ మిషనుని ఆయన ఏనాడూ 'నువ్వు' అనలేదు. అది బయల్దేరిన ఆదివారాల కంటే బయల్దేరని ఆదివారాలే ఎక్కువ. తాడు లాగి లాగి చొక్కా తడిసిపోయేది. ప్లగ్గు విప్పి, ఉప్పుకాగితంతో గీకి, నోటితో ఊది మళ్ళీ బిగించేవారు. అయినా తప్పు దానిది కాదు. పెట్రోలులో కిరసనాయిలు కలిసింది. గాలిలో తేమ ఎక్కువ. పక్కింటివాళ్ళు దిష్టి పెట్టారు.

"మొరాయించిందాండి?" అని అడిగితే ఆయనకి కోపం వచ్చేది.

"మొరాయించలేదండి. ఆలోచిస్తోంది."

నేను చదువుకున్నవాణ్ణి కదా, ఊరుకోలేక ఒకరోజు పాఠం మొదలుపెట్టాను. "రాజుగారూ, కదిలే సామాను ఎంత తక్కువుంటే యంత్రం అంత నమ్మకమండి. మీ ఇంజనులో పిస్టను, ప్లగ్గు, కార్బ్యురేటరు, నూనె, ఇన్ని ఉన్నాయి. ఏది చెడినా ఆగిపోతుంది. అదే బ్యాటరీ మీద నడిచేదైతే ఒక మోటారు, ఒక బ్లేడు. చెడ్డానికేముందండి అందులో?"

ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి, జాలిగా నా వంక చూశారు.

"మాస్టారూ, మీరు చెప్పింది పుస్తకంలో నిజమేనండి. నేను చెప్పేది వినండి. పెట్రోలు ఇంజను అలుగుతుంది. బ్యాటరీ చస్తుంది. అలిగినవాళ్ళని బతిమాలుకోవచ్చు. ప్లగ్గు తుడిచి, నాలుగు మంచి మాటలు చెప్పి లేవదీసుకోవచ్చు. చచ్చినదాన్ని ఏం చేస్తామండి? కరెంటు వచ్చేదాకా పక్కన కూర్చోవడమే."

నా పాఠం అక్కడితో ఆపేశాను. ఆ రోజుల్లో మా ఊళ్ళో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఫిజిక్సుకి అందే విషయం కాదు.

వాళ్ళమ్మాయి మంజుషకి ఆకివీడు సంబంధం చేశారు. అల్లుడు హర్ష ఇంజనీరు, విశాఖపట్నంలో ఉద్యోగం. నెమ్మదస్తుడు, మాట పైకి రాదు. రాజుల ఇళ్ళల్లో అల్లుడంటే ఎంత మర్యాదో చూసినవాళ్ళకే తెలుస్తుంది. అతను కుర్చీలోంచి లేస్తే ఇల్లంతా లేచేది. వద్దంటే రెండు వడ్డించేవారు, చాలంటే నాలుగు వడ్డించేవారు. రాజుగారైతే అల్లుడితో మాట్లాడేటప్పుడు ఆవలింత వచ్చినా మింగేసేవారు.

పెళ్ళైన కొన్నేళ్ళకి, హర్ష ఉద్యోగం మానేసి రాజమండ్రిలో సొంతంగా ఏదో ఏజెన్సీ పెట్టాడని కబురు వచ్చింది. ఏమిటన్నది ఫోనులో చెప్పలేదు, స్వయంగా వచ్చి చూపిస్తానన్నాడు. ఒక ఆదివారం మంజుషా అతనూ వ్యానులో దిగారు. వెనక అట్టపెట్టె. అందులోంచి నారింజ రంగు మిషను ఒకటి బయటికొచ్చింది. ఇంజను లేదు, పొగగొట్టం లేదు, తాడు లేదు. మీద ఇటుకంత నల్లపెట్టె.

"లాన్ మూవరండి మావయ్యగారూ" అన్నాడు హర్ష. "బ్యాటరీ మీద నడుస్తుంది. గోదావరి జిల్లాలకి ఏజెన్సీ నాదే. మొట్టమొదట మీకే చూపించాలని తెచ్చాను."

నేను మేడమెట్ల మీద నిలబడి ఉన్నాను. రాజుగారి ముఖం చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు. అల్లుణ్ణి ఏమీ అనకూడదు. బ్యాటరీని ఏమీ అనకుండా ఉండకూడదు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"చాలా... వినయంగా ఉందండి అల్లుడుగారూ."

హర్ష మీట నొక్కాడు. అది కుట్టుమిషనులా సన్నగా పాడుతూ పచ్చిక మీద కదిలింది. కోసినంతమేరా బాగానే కోసింది. రాత్రి కురిసిన వానకి కుళాయి దగ్గర గడ్డి తడిసి ముద్దగా ఉంది. అక్కడికొచ్చేసరికి దాని పాట సన్నబడి, మూలిగి, ఆగిపోయింది.

"అలిసిపోయినట్టున్నారండి. కాసేపు నీడలో కూర్చోబెట్టండి" అన్నారు రాజుగారు మిషనుని ఉద్దేశించి. ఆ మాటలో వెక్కిరింత ఉందో మర్యాద ఉందో హర్షకి అర్థం కాలేదు. భోజనాలు కాగానే ఆయన మా మేడమీదకొచ్చి, తలుపు దగ్గరగా వేసి, కుర్చీలో కూలబడ్డారు.

"మాస్టారూ, ఇంట్లోకి బ్యాటరీ వచ్చేసిందండి. అల్లుడి రూపంలో వచ్చింది. బయటికి పొమ్మనడానికి కూడా లేదు."

చుట్టాలు ఊరుకోలేదు. రొయ్యల చెరువులు వేసుకుంటే ఏడాది తిరక్కుండా మేడ కట్టేవాడు, గడ్డి పట్టుకుని తిరుగుతున్నాడన్నారు. ఒక పెళ్ళిలో ఎవరో 'గడ్డి అల్లుడు' అన్నారని మంజుష పంక్తిలోంచి లేచి వచ్చేసింది. హర్ష వ్యాను వేసుకుని తణుకు, నరసాపురం, అన్నవరం కొండ కింది సత్రాల దాకా తిరిగాడు. అందరూ చూశారు, బాగుందన్నారు, టీ ఇచ్చారు. కొన్నవాళ్ళు మాత్రం లేరు. "ముందు ఎవరో ఒకరు కొనాలి మాస్టారూ. భీమవరం క్లబ్బులో ఉందంటే రాజమండ్రి హోటలు వాళ్ళు, రెండు కాలేజీల వాళ్ళు తీసుకుంటామన్నారు. క్లబ్బు వాళ్ళు కాదంటే మాత్రం మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాలి" అని నాతో చెప్పాడు.

మా క్లబ్బు ముందు పెళ్ళి విందులకి అద్దెకిచ్చే పెద్ద పచ్చిక ఉంది. దాన్ని కోయడం రాజుగారి గౌరవ బాధ్యత. ఆయన మిషను అలిగినప్పుడల్లా విందులకి వచ్చినవాళ్ళు మోకాళ్ళ దాకా పంచెలెత్తుకుని నడిచేవారు. అందుకని క్లబ్బు తరఫున కొత్త మిషను కొనాలని కార్యదర్శి శ్రీనివాసరాజు గారు పట్టుబట్టారు. ఆయనకి ఐసు ఫ్యాక్టరీ ఉంది, గొంతు కూడా దానికి తగ్గట్టే ఉండేది. పేకాటలో ప్రతి సాయంత్రం జగన్నాథరాజు గారి చేతిలో ఓడేవారు.

"పెట్రోలుదా, బ్యాటరీదా అని మనలో మనకి వాదనెందుకండి? వచ్చే ఆదివారం పొద్దున్న పచ్చిక మధ్యలో సున్నం గీత గీద్దాం. ఇటు పక్క మీ పెట్రోలు. అటు పక్క మీ అల్లుడుగారి బ్యాటరీ. ఏది నెగ్గితే క్లబ్బు ఆ రకంది కొంటుంది" అన్నారాయన.

ఆ మాటకి జగన్నాథరాజు గారి కళ్ళు మెరిశాయి. జీవితమంతా ఎదురుచూసిన రోజు వస్తోంది. వెంటనే సరే అనేశారు. ఇంటికొచ్చి చెప్పాక గానీ ఏం ఒప్పుకున్నారో ఆయనకి తెలియలేదు.

"అల్లుడితో పోటీ ఏంటండీ?" అన్నారు వరలక్ష్మమ్మ గారు.

"పోటీ అల్లుడుగారితో కాదే. బ్యాటరీతో."

"ఆ బ్యాటరీ ఎవరిదంటా?"

ఆ వారమంతా ఆవిడ ఆయనకి ఏం చెప్పాలన్నా మెట్ల దగ్గరకొచ్చి మా ఆవిడతో చెప్పేవారు. "ఉమగారూ, కింద ఒకాయన ఉన్నారు, భోజనానికి రమ్మనండి."

శుక్రవారం సాయంత్రం మబ్బు కమ్మి, గాలీవానా విరుచుకుపడ్డాయి. స్తంభాలు ఒరిగాయి, తీగలు తెగాయి, ఊరంతా చీకటైపోయింది. హర్ష ఆ రోజంతా తణుకులో మిషను నడిపి చూపించి, బ్యాటరీలో ఉన్నదంతా అయిపోగొట్టుకుని, వానలో తడుస్తూ అత్తవారింటికి చేరాడు. ఛార్జరు గోడకి తగిలించి కరెంటు కోసం కూర్చున్నాడు. శనివారం పొద్దున్నకి వాన వెలిసింది, కరెంటు మాత్రం రాలేదు. ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు.

పోటీ వాయిదా వేయమని అడగడానికి హర్ష క్లబ్బుకి వెళ్ళాడు. నేను కూడా వెళ్ళాను. శ్రీనివాసరాజు గారు పకపకా నవ్వారు.

"వాయిదా ఎందుకు బాబూ? కరెంటు లేకపోతే మీ మిషను లేదని తేలిపోయిందిగా. కమిటీవాళ్ళంతా రేపు వస్తున్నారు. తెస్తే తీసుకురండి, లేకపోతే పెట్రోలుది కొనేస్తాం."

హర్ష తిరిగొచ్చి వీధి అరుగు మీద కూర్చున్నాడు. మంజుష పక్కనే కూర్చుంది. టాంకర్ల సమ్మెకి బంకులు మూతపడతాయని ముందే డబ్బాతో పెట్రోలు తెచ్చి పెట్టుకున్న రాజుగారు పెరట్లో తన మిషనుకి గుడ్డతో మెరుగు పెడుతూ నన్ను చూసి కనుబొమలెగరేశారు.

"నేనేం చెప్పానండి మాస్టారూ? కరెంటు వచ్చేదాకా పక్కన కూర్చోవడమే అన్నానా లేదా?"

"అన్నారండి. అదుగో, కూర్చున్నారు" అన్నాను అరుగు వైపు చూపిస్తూ. నా గొంతులో కొంచెం పుల్ల విరుపు ఉండే ఉంటుంది. ఆయన అటు చూశారు. కూతురి వంక చూశారు. గుడ్డ మడిచి మిషను మీద పెట్టి లోపలికెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం అంబాసిడరుకి రాడ్డు తిప్పుతున్న చప్పుడైంది. వెళ్ళబోతూ రాజుగారు హర్ష దగ్గర ఆగి, ఏదో గుర్తొచ్చినవారిలా అన్నారట. "అల్లుడుగారూ, మన మైకుసెట్టు బుల్లియ్య కొట్టు వీధిలో కరెంటు వచ్చేసిందటండి. ఆ వీధికి వేరే లైను. ఆ పెట్టే, ఛార్జరూ ఇలా ఇచ్చేయండి, అక్కడ తగిలించి వస్తాను. మీరొద్దు, అలిసిపోయి ఉన్నారు. అదేమన్నా బరువా?"

దీపాలు పెట్టే వేళ దాటాక తిరిగొచ్చారు. నల్లపెట్టె అల్లుడి చేతికిచ్చి, "నిండిందటండి" అని స్నానానికి వెళ్ళిపోయారు. హర్ష ముఖంలో రక్తం తిరిగొచ్చింది.

ఆదివారం క్లబ్బు జాతరలా ఉంది. ఉప్మా, కాఫీలు, కుర్చీలు. సున్నం గీతకి అటు హర్ష, ఇటు జగన్నాథరాజు గారు. ఆయన ఇస్త్రీ పంచె కట్టి, మిషను హేండిలుకి బంతిపూలు చుట్టారు. శ్రీనివాసరాజు గారు ఈల ఊదారు. హర్ష మీట నొక్కాడు. నారింజ మిషను పాడుకుంటూ కదిలింది. రాజుగారు తాడు లాగారు.

ఏమీ లేదు.

"బయల్దేరండి, పదిమందిలో ఉన్నాం" అన్నారు. మళ్ళీ లాగారు. దగ్గు కూడా రాలేదు. "కాస్త దయ చూపండి" అన్నారు. జనం నవ్వడం మొదలుపెట్టారు. ఆయన భుజం మార్చి లాగారు, కాలు తన్నిపెట్టి లాగారు, రెండు చేతులతో లాగారు. బంతిపూలు రాలాయి గానీ ఇంజనులో ఉలుకూ లేదు పలుకూ లేదు.

నేను దగ్గరకెళ్ళి, "ప్లగ్గు చూద్దామాండి?" అన్నాను.

"వద్దు మాస్టారూ."

"పోనీ టాంకులో చెత్త..." అని మూత మీద చెయ్యి వేయబోయాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. గట్టిగానే పట్టుకున్నారు. "ముట్టుకోవద్దంటున్నానా. మీరెళ్ళి కాఫీ తాగండి." ఎప్పుడూ ఆ మిషను దగ్గర నిలబడితే పెట్రోలు వాసనకి ముక్కు అదిరిపోయేది. ఆ రోజు గడ్డివాసన తప్ప ఏమీ రాలేదు. నాకు జలుబు చేసిందేమో అనుకున్నాను.

అవతల హర్ష వరస తరవాత వరస కోసుకుపోతున్నాడు. వానకి నానిన మూల వచ్చేసరికి మిషను పాట సన్నబడింది. మంజుష కుర్చీలోంచి లేచింది. రాజుగారు తాడు లాగడం ఆపి, అటే చూస్తూ నిలబడ్డారు. హర్ష దాన్ని వెనక్కి లాగి, సగం సగం ముక్కలుగా కొంచెం కొంచెం కోయించాడు. పాట మళ్ళీ పుంజుకుంది. ఆ మూల దాటి, ఆఖరి వరస కూడా అయిపోయింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవారు జగన్నాథరాజు గారే.

శ్రీనివాసరాజు గారు వదల్లేదు. "ఏమండీ పెట్రోలు రాజుగారూ, అలిగిందా, చచ్చిందా?"

"ఓడిపోయానండి" అన్నారాయన, తుండుతో మెడ తుడుచుకుంటూ. "బ్యాటరీయే నమ్మకం. రాసుకోండి."

క్లబ్బు హర్ష మిషను కొంది. ఆ కబురు హర్ష కంటే ముందే రాజమండ్రి చేరింది. హోటలువాళ్ళు తీసుకున్నారు, కాలేజీలు తీసుకున్నాయి. రాజుగారి పరువు మాత్రం చాలాకాలం క్లబ్బులో పేకముక్కలతో పాటు బల్లమీద పడుతూనే ఉండేది. ఎవరి స్కూటరు ఆగిపోయినా "బతిమాలండి, బతిమాలండి" అనేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు. అంత సులువుగా ఊరుకోవడం నాకు మింగుడు పడలేదు.

మా కాలేజీ వార్షికోత్సవానికి మైకు మాట్లాడ్డానికి బుల్లియ్య కొట్టుకి వెళ్ళాను. మాటల్లో, "ఆ గాలివాన రోజున మీ వీధికి ముందు కరెంటు రావడం మా రాజుగారి అల్లుడి అదృష్టమయ్యా" అన్నాను.

బుల్లియ్య వైరు చుట్టడం ఆపాడు. "కరెంటాండి? మా వీధికి ఊరందరి తరవాత వచ్చిందండి. సోమారం దీపాలెట్టాక వచ్చింది."

"మరి బ్యాటరీ ఎలా నిండింది?"

"నా జనరేటరు మీదండి. పెళ్ళిళ్ళకి తిప్పుతానే, చిన్నది, పెట్రోలుది. నాకాడ పెట్రోలు చుక్క లేదండి. టాంకర్ల సమ్మె కదండీ అప్పుడు, బంకులన్నీ ఖాళీ. రాజుగారు కారులో డబ్బా తెచ్చారు. అది పోసి నడిపించాం. అదైపోయింది. అప్పుడు పెరటిదారిన ఇంటికెళ్ళి, ఆయన గడ్డిమిషను టాంకు కూడా వంపేసి తెచ్చారండి. 'అయ్యా, రేపు మీకూ పందెం ఉందిగదండీ, కూసింత ఉంచుకోండి' అన్నానండి."

"ఏమన్నారు?"

"'మధ్యలో ఆగిపోతే అల్లుడుగారు పదిమందిలో చిన్నబోతారు బుల్లియ్యా, చివరి చుక్క దాకా పొయ్యి' అన్నారండి. ఆయ్. మధ్యాన్నం నుంచీ ఆ జనరేటరు పక్కనే స్టూలేసుకు కూకున్నారండి, ఆసుపత్రిలో మనిషిని కాపలా కాసినట్టు. ఎవరికీ చెప్పొద్దన్నారు. మీరు పైవాటాలో ఉండేవోరు కాబట్టి చెప్పానండి."

ఆ సాయంత్రం రాజుగారు మేడమీదకొచ్చినప్పుడు నేను ఆగలేకపోయాను. "బుల్లియ్య చెప్పాడండి" అన్నాను.

ఆయన చిన్నపిల్లాడిలా తలొంచుకున్నారు. తరవాత తలుపు వైపు చూసి, దగ్గరకి జరిగారు. "ఎవరితోనూ అనకండి మాస్టారూ. అల్లుడుగారికి తెలిస్తే తన గెలుపు తనది కాదనుకుంటారు. పాపం, ఆ తడి మూలలో ఎంత తెలివిగా కోయించారండి. అది ఆయన గొప్పే."

"పోటీకి రాకుండా మానేసినా సరిపోయేది కదండీ. అంతమందిలో ఆ ఖాళీ మిషను తాడు లాగడం ఎందుకు?"

"నేను మానేస్తే, మావగారు తప్పుకున్నారు కాబట్టి నెగ్గాడంటారు. మా వాళ్ళ నోళ్ళు మీకు తెలియవు." అంటూ ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. మీసం కింద నవ్వు ఆగలేదు. "అయినా మాస్టారూ, మనలో మన మాట. ఆ రోజు బ్యాటరీ దేనిమీద నడిచిందండి?"

"పెట్రోలు మీదండి."

"అంతేనండి. అది చాలు నాకు."

రహస్యం దాచడం నాకు కొత్తేమీ కాదు, దాచాను. కొన్నాళ్ళకి హర్ష ఒక కొత్త మిషను తెచ్చి మావగారికి బహుమతిగా ఇచ్చాడు. వెళ్ళేముందు మేడెక్కి నా దగ్గర కూర్చున్నాడు.

"మాస్టారూ, మీకొకటి చెప్పనా? ఎవరితోనూ అనకూడదు. పోటీ అయిన మర్నాడు మావయ్యగారి మిషను బాగుచేసి పెడదామని తెల్లారకుండా లేచి టాంకు మూత తీశాను. ఎండిపోయి ఉంది. బంకులు మూసేస్తారని తెలిసి డబ్బా నింపి దాచుకున్న మనిషి, ఖాళీ టాంకుతో పోటీకి వస్తారా? బుల్లియ్య వీధికి వెళ్ళి చూస్తే ఇంకా కరెంటే లేదు. అప్పుడు నా బ్యాటరీ పెట్టె వాసన చూశాను. పెట్రోలు."

"మరి ఆయన్ని అడగలేదా?"

"ఎలా అడుగుతానండి? నాకు తెలిసిందని తెలిస్తే ఆయన చిన్నబోతారు."

రెండు రహస్యాలూ నా దగ్గరే ఉండిపోయాయి. కింద మాత్రం కొత్త చిక్కు మొదలైంది. ఆదివారాలు అల్లుడు వచ్చినప్పుడు పచ్చిక కోయడానికి ఇద్దరూ బయల్దేరేవారు.

"మీ బ్యాటరీ మిషను తీయండి అల్లుడుగారూ. దాని నమ్మకం దానిది."

"లేదండి మావయ్యగారూ. తడి నేలకి పెట్రోలుదే సరైనది. మీదే తీయండి."

"అబ్బే, మీదుండగా నాదెందుకండి?"

"పెద్దవారు, ముందు మీది కానివ్వండి."

ఆ మర్యాదలు భోజనాల వేళ దాకా సాగేవి. భోజనాలయ్యాక ఎండెక్కేది. ఇలా కొన్ని ఆదివారాలు గడిచేసరికి గడ్డి మోకాలెత్తు పెరిగి, అందులో పక్కింటి కోడిపెట్ట గుడ్లు పెట్టుకుంది. ఒక పొద్దున్న ఇద్దరూ గుమ్మంలో నిలబడి "మీది", "కాదండి, మీది" అంటుండగా, వరలక్ష్మమ్మ గారు చీర కుచ్చిళ్ళు దోపుకుని, కొడవలి పట్టుకుని పచ్చికలోకి దిగారు. కూర్చుని, గుప్పిళ్ళతో గడ్డి పట్టి కోసుకుపోవడం మొదలుపెట్టారు.

"అయ్యో, మీరెందుకండి అత్తయ్యగారూ" అంటూ హర్ష పరుగెత్తాడు. "ఇలా తేవే, నేను కోస్తాను" అంటూ రాజుగారు పరుగెత్తారు. ఇద్దరూ ఒకేసారి కొడవలి కోసం చేతులు చాపారు.

ఆవిడ ఇవ్వలేదు. "ముందు ఆ గుడ్లు తీసి పక్కన పెట్టండి" అన్నారు.